జెడ్ పైకెత్తితే తీరే సమస్య కాదు

ప్రశ్న: సార్, మాది కావలి. మా నాయన ఎప్పటినుంచో తలుపుల పని చేస్తున్నారు. ఈమధ్య సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషీన్) కొన్నాం. డిజైన్, టూల్‌పాత్ (బిట్ నడవాల్సిన దారి) నేనే ఆస్పైర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. సాఫ్ట్‌వేర్ జాబితాలో ముందే ఉన్న బిట్లతో (మెషీన్‌కు తగిలించే కోసే పనిముట్లు) ఇబ్బంది లేదు, నేను కొత్తగా వివరాలు ఎక్కించిన వాటితోనే తలనొప్పి. ఇంటి పేరు చెక్కడానికి 45 డిగ్రీల వీ బిట్ (మొన వీ ఆకారంలో ఉండే బిట్) కొని సాఫ్ట్‌వేర్‌లో కోణం గడిలో అదే అంకె వేశాను. స్క్రీన్ మీద బాగుంది. చెక్క మీద అక్షరాలు లోతుకు దిగి, లావెక్కి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నాయన చెప్పినట్టు జెడ్ జీరోను (లోతు కొలత మొదలయ్యే చోటు) 4 మి.మీ. పైకి పెడితే పెద్ద అక్షరాలు కుదిరాయి, కింద చిన్న అక్షరాలు అసలు పడలేదు. టూల్‌లో కోణం మార్చినా అంతే దిగుతోంది. ఇంకోటి, ప్యానెల్ అంచుకు నాయన పాత చిత్రిక వంపు వచ్చేలా ఒక బిట్ చేయించి, దాని రూపం గీసి ఎక్కించాను. సిమ్యులేషన్‌లో నున్నగా ఉంది గానీ చెక్క మీద పైన సన్నటి గట్టు మిగులుతోంది, ప్యానెల్ కొలత కూడా తేడా వస్తోంది. లాప్‌టాప్‌లో బాగానే ఉన్న బిట్లు షాపు కంప్యూటర్‌లో బూడిద రంగులో కనిపిస్తున్నాయి. నెల్లూరు ఫ్రెండ్ తను వాడే ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్‌లోని బిట్ల లిస్టు ఎక్సెల్‌లో సర్ది పంపాడు, అది వాడొచ్చా? టేకు రేటు మీకు తెలిసిందే, ప్రతి ముక్కకీ టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఆ 4 మి.మీ. సర్దుబాటు మానేయడంతో మొదలుపెట్టండి. మీ నాయన చెప్పింది చిత్రిక పట్టిన చేతికి సహజంగా తోచే మాటే. బ్లేడు ఎక్కువ కోస్తుంటే వెనక్కి తడతాం, సరిపోతుంది. చిత్రికకు లోతు ఒక్కటే కాబట్టి అక్కడ ఆ వైద్యం పనిచేస్తుంది. వీ బిట్‌తో అక్షరాలు చెక్కేటప్పుడు లోతు ఒక్కటి కాదు. గీత వెడల్పుగా ఉన్నచోట బిట్ కిందికి దిగుతుంది, సన్నబడిన చోట పైకి లేస్తుంది. ఎక్కడ ఎంత దిగాలో ఆస్పైర్ అడుగడుగునా లెక్కేస్తుంది, ఆ లెక్కకు ఆధారం మీరిచ్చిన కోణం. కోణం తప్పయితే లోతులో తేడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. జెడ్‌ను ఎత్తితే మాత్రం అన్నిచోట్లా ఒకే కొలత లేస్తుంది.

మీ అంకెలతోనే చూద్దాం. బిట్ మీద రాసిన 45 ఒక పక్క వాలు మాత్రమే అయ్యుంటుందని నా అంచనా, అంటే నడిమి నుంచి ఒక అంచుకు ఉన్న కోణం. రెండు పక్కలా కలిపితే 90. అమ్మేవాళ్లలో కొందరు సగం రాస్తారు, కొందరు మొత్తం రాస్తారు. ఆస్పైర్ వీ బిట్‌కు అడిగేది మొత్తం కోణం. మీరు 45 అనేసరికి అది సన్నటి మొనగల బిట్ అనుకుంది. 6 మి.మీ. వెడల్పు గీత రావడానికి 90 డిగ్రీల బిట్ 3 మి.మీ. దిగితే చాలు, 45 డిగ్రీలదైతే 7.24 మి.మీ. దిగాలి. అందుకని 7.24 దింపింది. స్పిండిల్‌లో (బిట్‌ను తిప్పే మోటారు) ఉన్నది 90 డిగ్రీలది కాబట్టి గీత 14 మి.మీ. దాటి విచ్చుకుంది, అక్షరాలు కలిసిపోయాయి. రెండు లోతులకూ తేడా 4.24 మి.మీ., మీరు ఎత్తింది 4. అంటే మీ పెద్ద అక్షరాల గీత 6 మి.మీ. దగ్గరలో ఉండి ఉంటుంది, అందుకే అవి కుదిరాయి. చిన్న అక్షరాల గీత 2 మి.మీ. అనుకోండి, తప్పు కోణంతో కూడా బిట్ దిగేది 2.41 మాత్రమే. 4 ఎత్తేశాక అది గాల్లోనే తిరిగింది. రేపు ఎవరైనా సింహద్వారానికి 10 మి.మీ. గీతతో పేరు చెక్కమంటే, జెడ్ అలాగే ఎత్తి ఉంచినా, 5 దిగాల్సిన చోట 8 దిగుతుంది.

ఇది అంచనా అన్నాను కాబట్టి రుజువు చేసుకోండి. పనికిరాని ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) ముక్క మీద ఆ బిట్‌తో ఒక తిన్నటి గీత 3 మి.మీ. లోతున, పక్కనే ఇంకోటి 5 మి.మీ. లోతున తీయండి. వీ కార్వింగ్ (లోతును సాఫ్ట్‌వేరే లెక్కేసే పద్ధతి) వాడొద్దు, గీత మీదే నడిచే మామూలు ప్రొఫైల్ టూల్‌పాత్ వేసి లోతు మీరే ఇవ్వండి. రెండు గాడుల వెడల్పూ వెర్నియర్‌తో కొలిచి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. 4 మి.మీ. వస్తే బిట్ 90 డిగ్రీలది. 2.3 వస్తే 60. 1.65 వస్తే నిజంగానే 45. ఒక్క గీత చాలదా అంటారేమో. వీ బిట్ల మొన చాలావాటికి సూదిలా ఉండదు, 0.2 మి.మీ. చొప్పున చదునుగా ఉంటుంది. జెడ్ జీరో కూడా కాగితం మందం అటూ ఇటూ అయ్యుండొచ్చు. ఆ రెండు తేడాలూ రెండు గాడుల్లోనూ సమానంగా పడతాయి, తీసివేతలో పోతాయి. మిగిలేది కోణం ఒక్కటే.

ఇక కోణం మార్చినా అంతే దిగుతోందన్నారు. ఇది మీ ఒక్కరి బాధ కాదు, సాఫ్ట్‌వేర్ల పద్ధతే అంత. టూల్‌పాత్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ బిట్ వివరాలను ఆ పనిలోకి కాపీ చేసుకుంటుంది. తర్వాత డేటాబేస్‌లో దిద్దితే డేటాబేస్ మారుతుంది, ఇంతకుముందు చేసిన టూల్‌పాత్ లోపలి కాపీ మారదు. ఫ్యూజన్‌లోనూ ఇదే తీరు, లైబ్రరీలోని బిట్ వేరు, ఫైల్ లోపల ఉన్న బిట్ వేరు. కాబట్టి దిద్దిన బిట్‌ను టూల్‌పాత్‌లో మళ్లీ ఎంచుకుని, మళ్లీ లెక్క కట్టించి, జీ కోడ్ (మెషీన్ చదివే ఆదేశాల ఫైల్) కొత్తగా సేవ్ చేయాలి. పాత పేరుతోనే సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మరచిపోయి, పాత ఫైలే నడిపి మెషీన్‌ను తిట్టుకునేవాళ్లు ఎంతమందో. ఫైల్ పేరు చివర తేదీ, గంట వేసుకోండి.

అనుమానం వచ్చినప్పుడల్లా జీ కోడ్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడటం అలవాటు చేసుకోండి. చదవడం రాకపోయినా ఫర్వాలేదు. జెడ్ పక్కన ఉన్న అంకెల్లో అన్నిటికన్నా లోతైనది ఎంతో వెతకండి. 3 ఉండాల్సిన చోట మైనస్ 7.24 కనిపిస్తే తప్పు కంప్యూటర్ దగ్గరే జరిగింది, మెషీన్‌ది కాదు. ఫైల్‌లో 3 ఉండి చెక్కలో 7 దిగితే మెషీన్ దగ్గర చూడాలి. ఆ ఒక్క అంకెతో సగం వెతుకులాట తప్పుతుంది.

తేడా ఎలా ఉందో చూస్తే అది ఎక్కడ పుట్టిందో చాలావరకు తెలిసిపోతుంది. అన్నిచోట్లా ఒకే కొలత తేడా ఉంటే అది జీరో తప్పు. బిట్ మార్చి జెడ్ మళ్లీ పట్టలేదు, లేదా సాఫ్ట్‌వేర్‌లో జీరో చెక్క పైన అని పెట్టి మెషీన్‌లో బెడ్ (చెక్కను బిగించే బల్ల) మీద పట్టారు. ఈ రెండోదైతే తేడా సరిగ్గా చెక్క మందమంత ఉంటుంది. గీత వెడల్పును బట్టి తేడా పెరుగుతుంటే కోణం. అన్నీ పాతిక రెట్లు పెద్దవో చిన్నవో అయిపోతే అంగుళాలు, మిల్లీమీటర్లు కలగలిశాయి. డీఎక్స్‌ఎఫ్ (డ్రాయింగు) ఫైల్ తెచ్చుకున్నప్పుడు ఇది మామూలే, అంకె వస్తుంది గానీ అది ఏ కొలమానమో కొన్ని సాఫ్ట్‌వేర్లు పట్టించుకోవు. పని సాగేకొద్దీ లోతు పెరుగుతుంటే బిట్ కొల్లెట్‌లోంచి (బిట్‌ను పట్టి ఉంచే బిగింపు) జారుతోంది. కొల్లెట్ అరిగినా, పొడి పట్టినా, షాంక్ (బిట్ కాడ) సైజు కలవకపోయినా అలా జరుగుతుంది. బల్ల మీద ఒక మూల ఒక లోతు, ఇంకో మూల ఇంకో లోతు పడితే టూల్ సెటప్‌ను కదిలించకండి, చెక్క వంగి ఉంది లేదా బెడ్ సమంగా లేదు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడికి టేకు, వేప పలకలే కాదు, బెడ్ మీది ఎండీఎఫ్ కూడా ఉబ్బుతుంది. వానలయ్యాక బెడ్‌ను ఒకసారి పైపైన చెక్కించి సమం చేసుకోండి.

బిట్ ముందుకు నడిచే వేగంలో (ఫీడ్) అరవై రెట్లు తేడా వస్తే సెకను, నిమిషం తారుమారయ్యాయి. సెకనుకు 50 మి.మీ. అంటే నిమిషానికి 3,000. మిల్లీమీటర్లలో నడిచే జీ కోడ్‌లో ఎఫ్ పక్కన ఉండేది నిమిషం లెక్క. నిమిషం గడిలో 50 వేస్తే 18,000 ఆర్‌పీఎం దగ్గర రెండు పళ్ల బిట్ ఒక్కో పంటికి మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు చొప్పున తీస్తుంది. అది కోయడం కాదు, రుద్దడం. టేకు నల్లబడి కాలిన వాసన వస్తే ముందు ఈ గడి చూడండి. చేతిలో పట్టుకునే డీఎస్‌పీ కంట్రోలర్ అయితే, ఫైల్‌లోని ఫీడ్‌ను చదవాలా వద్దా అనే సెట్టింగ్ అందులో వేరుగా ఉంటుంది. అది వద్దు అని ఉంటే మీరు ఆస్పైర్‌లో ఏం వేసినా ఒకటే.

చేయించుకున్న బిట్ సంగతికి వద్దాం. నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. బజారులో దొరికే వంపు వేసి అందరి తలుపుల్లాగే తీయకుండా నాయన చిత్రిక వంపును మెషీన్‌లోకి తేవాలనుకోవడం మంచి ఆలోచన, దానికోసం కొంత కష్టపడొచ్చు.

ఆస్పైర్‌లో ఇలాంటి ఫార్మ్ టూల్‌కు (సొంత ఆకారం గల బిట్) బిట్ కుడి సగం మాత్రమే గీయాలి. అసలు సైజులో, మూసేయని గీతగా ఉండాలి. పూర్తి బొమ్మ గీసినా, రెండు చివరలూ కలిపేసినా కుదరదు. స్క్రీన్ మీద నున్నగా వచ్చిందంటే ఇది మీరు సరిగానే చేసి ఉంటారు. అయితే సిమ్యులేషన్ చూపించేది మీరు గీసిన బిట్‌ను, సాన పట్టినాయన ఇచ్చిన బిట్‌ను కాదు. రెండూ ఒకటేనా అన్నది ఎవరూ ఇంకా చూడలేదు. మీరు ఫొటో తీసి దాని మీద గీశారా, లేక ఆయనకిచ్చిన డ్రాయింగునే ఎక్కించారా, మీ ఉత్తరంలో లేదు. రెండింటికీ ఇబ్బంది ఉంది. చేత్తో సాన పట్టిన వంపు డ్రాయింగుకు కొంత అటూ ఇటూ ఉంటుంది. ఫొటో అయితే, కోసే అంచు కాస్త ఏటవాలుగా ఉన్న బిట్‌లకు పక్కనుంచి కనిపించే ఆకారం వేరు, తిరిగేటప్పుడు కోసే ఆకారం వేరు.

కాబట్టి బిట్‌ను కొలవకండి, అది కోసిన గాడిని కొలవండి. మందపాటి ఎండీఎఫ్ ముక్కలో ముందు మామూలు ఎండ్‌మిల్‌తో (పక్కలు తిన్నగా ఉండే బిట్) ఎక్కువ భాగం తీసేసి, తర్వాత ఈ బిట్‌ను పూర్తి లోతులో తిన్నగా ఒకసారి నడపండి. ముక్కను గాడికి అడ్డంగా, లంబంగా రంపంతో కోసి, కోసిన ముఖాన్ని గరుకు కాగితంతో తేలిగ్గా నున్నచేసి, జిరాక్స్ షాపులో ఉండే ఫ్లాట్ స్కానర్ మీద బోర్లించి 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పక్కన స్టీలు స్కేలు కూడా పెట్టండి. 600 డీపీఐ అంటే ఒక చుక్క 0.04 మి.మీ., మన పనికి అది ఎక్కువే. ఆ బొమ్మను ఆస్పైర్‌లోకి తెచ్చి, స్కేలు గీతలతో సైజు కలిపి, మీ పాత గీతను దాని మీద పెట్టి చూడండి. ఎక్కడ విడిపోయిందో అక్కడే మీ గట్టు ఉంటుంది. గాడి గోడ మీద కొత్తగా గీసి బిట్‌ను మళ్లీ ఎక్కించండి.

రెండు గీతలూ కలిసిపోతే బిట్ తప్పు లేదు, లోతు చూడండి. గట్టు రెండు రకాలుగా పుడుతుంది. బిట్ చాలినంత దిగకపోతే వంపు పైకొస చెక్క పైముఖాన్ని చేరదు, మొదటిసారి కోసిన అంచు మిగిలిపోతుంది. ఎక్కువ దిగితే బిట్ భుజం చెక్కలోకి దిగి చిన్న మెట్టు కోస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, పైముఖం కన్నా వంపు కొస కిందికి మెట్టు దిగితే ఎక్కువ దిగినట్టు. ఫార్మ్ బిట్‌కు అర మిల్లీమీటర్ తేడా కూడా కంటికి కనిపిస్తుంది, అందుకే ఈ బిట్‌కు జీరో పట్టేటప్పుడు పైముఖం సమంగా ఉన్న పలక మీదే పట్టాలి.

ప్యానెల్ కొలత తేడాకు కారణం వేరు. మామూలు ఎండ్‌మిల్‌కు పైనా కిందా ఒకే వ్యాసం కాబట్టి గీతకు బయటి వైపు నడపమంటే సాఫ్ట్‌వేర్ వ్యాసంలో సగం జరుపుతుంది. మీ బిట్‌కు ఒక్కో ఎత్తున ఒక్కో వ్యాసం. మీరు కొలతలు రాయలేదు కాబట్టి ఉదాహరణకు పైన 32 మి.మీ., అడుగున 10 మి.మీ. అనుకుందాం. సాఫ్ట్‌వేర్ 32 పట్టుకుని 16 జరిపితే, అడుగు భాగం గీతకు 11 మి.మీ. దూరంలోనే ఆగిపోతుంది, ప్యానెల్ ఒక్కో పక్క 11 చొప్పున పెరుగుతుంది. ఏ వ్యాసం పట్టుకోవాలన్న నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదలకండి. అడుగున 5 మి.మీ. అర్ధవ్యాసం కాబట్టి, ప్యానెల్ గీతకు 5 బయటికి మీరే ఇంకో గీత గీసి, బిట్‌ను ఆ గీత మీదే నడపమనండి. ఈ పద్ధతిలో ఏ సాఫ్ట్‌వేర్‌కు మారినా లెక్క మీ చేతిలో ఉంటుంది.

బూడిద రంగు బిట్లది చిన్న విషయం. ఆస్పైర్ 10వ వెర్షన్ నుంచి బిట్ ఆకారం ఒకటి, దాని ఫీడ్, స్పీడ్ వగైరా ఇంకొకటి. ఆ రెండోది ఒక్కో మెషీన్‌కు, ఒక్కో మెటీరియల్‌కు విడిగా ఉంటుంది. షాపు కంప్యూటర్‌లో ఎంచుకున్న మెషీన్ పేరు, చెక్క రకం జంటకు ఆ బిట్ వివరాలు లేవు, అంతే. లాప్‌టాప్‌లో ఉన్న పేర్లే అక్కడా ఎంచుకోండి, లేదా ఆ జంటకు వివరాలు కొత్తగా వేయండి.

మీ ఫ్రెండ్ లిస్టును చూసి రాసుకోవడానికి వాడండి, నేరుగా ఎక్కించాలని చూడకండి. ఎక్సెల్ చాలా తెలివైనది, అదే దానితో ఇబ్బంది. అర అంగుళం అని 1/2 కొడితే తేదీ చేసేస్తుంది. 007 అనే నంబరును 7 చేస్తుంది. బిట్ పేరు మధ్యలో కామా ఉంటే సీఎస్‌వీని (గడులను కామాలతో విడదీసే ఫైల్) తిరిగి చదివేటప్పుడు గడులు పక్కకు జరిగిపోవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఒకే పేరున్న గడిని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో అర్థంలో అడుగుతుంది. టేపర్ బాల్‌నోస్ (కొన గుండ్రంగా ఉండి పైకి లావెక్కే బిట్) తీసుకోండి. దేవుడి బొమ్మలకు, లతలకు మీరూ వాడుతుంటారు కదా. వ్యాసం అంటే ఫ్యూజన్‌లో కొన వ్యాసం, ఆస్పైర్‌లో పైన లావు. షాంక్ 6 మి.మీ., కొన అర్ధవ్యాసం 0.5 మి.మీ., కోసే పొడవు 30.5 మి.మీ. ఉన్న బిట్‌కు పక్క వాలు సుమారు 4.8 డిగ్రీలు. ఇక్కడ అడిగేది ఒక పక్క కోణమే, వీ బిట్‌లా రెండు పక్కలది కాదు. అతని లిస్టులోని 1 మి.మీ.ని మీరు ఆస్పైర్‌లో అలాగే వేస్తే బిట్ ఆకారమే మారిపోతుంది.

పేర్లు పెట్టేటప్పుడు తెలుగు అక్షరాలు వద్దు. నాకూ ఇష్టం లేని సలహానే, కానీ బిట్ పేరు వ్యాఖ్యగా జీ కోడ్‌లోకి వెళ్లొచ్చు, చాలా కంట్రోలర్లకు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప పడవు. పేరులో కొన్న నెల కూడా చేర్చండి. సాన పట్టించిన ప్రతిసారీ వ్యాసం కొలిచి దిద్దండి, 12 మి.మీ. ఎండ్‌మిల్ ఒకసారి సాన పట్టాక 12 కాదు. చీమకుర్తిలో గ్రానైట్ మీద అక్షరాలు చెక్కేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ, రాయి మీద డైమండ్ బిట్ పనిలోనే అరుగుతూ ఉంటుంది.

చివరగా ఆ చేయించిన బిట్ గురించి ఒక హెచ్చరిక. 32 మి.మీ. బిట్ 18,000 ఆర్‌పీఎం తిరిగితే దాని అంచు సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతుంది. కంపెనీ బిట్లకు గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, సాన పట్టించిన దానికి ఉండదు. బరువు అన్ని వైపులా సమంగా ఉందో లేదో కూడా తెలియదు. ఎంత వేగం తట్టుకుంటుందో చేసినాయన్ని అడగండి. ఆయన చెప్పేదాకా ఎండీఎఫ్ పరీక్షకు కూడా 12,000 దాటనివ్వకండి, వణుకు వినిపిస్తే అంతకన్నా ముందే ఆపేయండి. మొదటిసారి తిప్పేటప్పుడు నాయన్ని మెషీన్‌కు ఎదురుగా నిలబడనివ్వొద్దు.